బొంరాస్‌పేట గాలికి అరువు అంకె

గాలి నాణ్యత చూపించే యాప్ ఏదైనా తెరిచి బొంరాస్‌పేట అని కొట్టండి. ఒక అంకె, దానికో రంగు ప్రత్యక్షం. వెంటనే మనవాళ్ళు "చూశావా, వికారాబాద్ వైపు గాలి ఎంత బావుందో, ఓ అరెకరం కొనేద్దాం" అనేస్తారు. అయ్యా, ఆ అంకెని బొంరాస్‌పేటలో ఎవరూ కొలవలేదు. ఎక్కడో దూరాన ఉన్న మెషిన్లు, ఉపగ్రహం పంపిన బొమ్మలు, వాతావరణ లెక్కలు కలిపి ఒక ప్రోగ్రాము వేసిన అంచనా అది. అంచనా వెయ్యడం తప్పని కాదు నా గోల. ఎంత అటూ ఇటూ అవ్వచ్చో చెప్పకుండా కొలతలాగా చూపించడం మీద. మన ఆఫీసులో ఎవడైనా డేటా లేని గడిలో పక్క గడి విలువ పెట్టేసి క్లయింటుకి రిపోర్టు పంపితే ఊరుకుంటామా?

దీనికి సరిగ్గా ఎదురు జాతి ఇంకోటుంది: "మోడళ్ళన్నీ కాకిలెక్కలు" జాతి. వీళ్ళు మరీ ప్రమాదం. 2019 డిసెంబరులో అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ గారు, కాలుష్యం వల్ల ఆయుర్దాయం తగ్గుతుందని ఏ భారతీయ అధ్యయనమూ చూపలేదని లోక్‌సభలో సెలవిచ్చారు. 2024లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన పేపరు హైదరాబాదుతో సహా 10 నగరాల్లో 2008 నుంచి 2019 దాకా నమోదైన 36 లక్షల మరణాలని రోజువారీగా చూసి, వాటిలో 7.2 శాతం పీఎమ్ 2.5 పద్దులో పడతాయని తేల్చింది. నగరాల సంగతి సరే, పల్లెలంటారా? హైదరాబాదు శివార్లలోని 28 ఊళ్ళలో 'చాయ్' (భలే పేరు!) అనే ప్రాజెక్టు నడిచింది. 3,717 మందిని పరీక్షిస్తే, గాలిలో ధూళి ఎక్కువున్న చోట ఎముకల సాంద్రత తక్కువని 2020లో తేలింది. అక్కడి సగటు పీఎమ్ 2.5 ఎంతో తెలుసా? 32.8 మైక్రోగ్రాములు. మన దేశపు ఏడాది ప్రమాణం 40 కాబట్టి కాగితం మీద అది పాసే. డబ్ల్యూహెచ్‌వో 2021 నుంచి చెబుతున్న హద్దు 5.

మోడళ్ళలో తప్పులుండవా అంటే, ఉంటాయి. మన వృత్తివాళ్ళకి బాగా అర్థమయ్యే తప్పు ఒకటి చెప్తాను. అమెరికాలో 90 నగరాల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. పీఎమ్ 10 ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే రోజువారీ మరణాలు 0.41 శాతం పెరుగుతున్నాయన్నారు. 2002లో తేలిందేమిటంటే, వాళ్ళు వాడిన ఎస్-ప్లస్ ప్యాకేజీలో "ఇక చాలు, లెక్క ఆపు" అని చెప్పే డిఫాల్ట్ సెట్టింగు మరీ వదులుగా ఉంది. లెక్క పూర్తిగా కుదురుకోకముందే ఆగిపోతోంది! బిగించి మళ్ళీ నడిపితే 0.27 వచ్చింది, ఇంకో పద్ధతిలో 0.21. ఆ జట్టే తప్పు పట్టుకుని, ఆ జట్టే బయటపెట్టింది. అంకె సగానికి పడింది, సున్నా మాత్రం కాలేదు. డిఫాల్ట్ సెట్టింగులు ముట్టుకోని మహానుభావులు మన టీముల్లోనూ ఉన్నారనుకోండి, అది వేరే టపా.

ఇక అసలు మన ఊళ్ళ సంగతి. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. పాలిషింగ్ బురద ఎండితే పొడై లేస్తుంది. ఇళ్ళలో కట్టెల పొయ్యి పొగ ఉండనే ఉంది. చలికాలం పొద్దున పైన వెచ్చగాలి మూతలా కూర్చుని పొగని నేల మీదే పట్టి ఉంచుతుంది. సరిగ్గా ఆ చలికే ఆయాసాలు, జలుబులు కూడా పెరుగుతాయి. ఏది చలి వల్ల, ఏది ధూళి వల్ల అని విడదియ్యాలంటే ఏళ్ళ తరబడి రోజువారీ లెక్క కావాలి. మరి ఫ్యాక్టరీకి అనుమతి కోసం కొలిచేదెంత? వానాకాలం కాని ఒక్క సీజను. వారానికి రెండు రోజుల చొప్పున 12 వారాలు, వెరసి 24 రోజులు. దాని మీద మోడలు నడిపి, రంగుల మ్యాపు గీసి, ప్రజాభిప్రాయ సేకరణలో బల్ల మీద పెడతారు.

బొంరాస్‌పేట పక్కనే దుద్యాల మండలం లగచర్లలో 2024 నవంబరు 11న ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఫార్మా ప్రతిపాదన వెనక్కి పోయి, పారిశ్రామిక వాడ ప్రతిపాదన వచ్చింది. భూమి మీద గొడవ ఎంతో, కాలుష్యం భయమూ అంతే. ఆ భయాన్ని "అపోహ" అనాలన్నా, "నిజం" అనాలన్నా ముందు ఎలా ఉండేదో తెలియాలి కదా. పొగగొట్టాలు లేచాక పెట్టే మెషిన్ ఆ మాట చెప్పలేదు.

ఆరోగ్యం వైపు ఇంకా దారుణం. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 22.5 శాతమే. మిగతా వాళ్ళు ఎందుకు పోయారో ఏ మోడలూ చెప్పలేదు. అందుకని చావుల దగ్గర కాకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీ రిజిస్టరు దగ్గర మొదలెట్టాలంటాను. తేదీ, ఊరు, వయసు, దగ్గో ఆయాసమో, పేర్లు అక్కర్లేదు. దాని పక్కన కొడంగల్‌లో ఒకటి, తాండూరులో ఒకటి గంటగంటకీ కొలిచే మెషిన్లు, వాటి అంకెలు ఎవరైనా దింపుకునేలా. ఆ రిజిస్టర్లు టైపు చేయించే పని పంచాయతీయో, జిల్లా వైద్యశాఖో మొదలుపెడితే ఆర్ ప్రోగ్రాము నేను రాసిపెడతాను, డిఫాల్టులు మార్చి మరీ.