గేరు గట్టిగా పడితే క్లచ్చు ప్లేటే పోయిందా?

పాత కారులో గేరు గట్టిగా పడుతోందని విశాఖలో ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా ఇంచుమించు ఒకటే మాట వినపడుతుంది. "క్లచ్చు ప్లేటు పోనాది సార్, గేరుబాక్సు దించాలి." బండికి పదిహేనేళ్ళు దాటాయని తెలిస్తే రెండో మాట కూడా వస్తుంది, "దీని మీద ఇంకా డబ్బులెందుకు సార్, ఇచ్చేయండి" అని. నేను చెప్పొచ్చేదేంటంటే, ఈ రెండు మాటలూ చాలాసార్లు బండిని పరీక్ష చెయ్యకుండా అనేవే. దానికి మెకానిక్కు ఎంత కారణమో కస్టమరు అంతకంటే ఎక్కువ కారణం. ఆ గొడవకి తర్వాత వస్తాను, ముందు గేరు సంగతి చూద్దాం.

క్లచ్చుకి ఉన్నవి రెండే పనులు. పెడలు వదిలితే ఇంజను తిప్పుడుని గేరుబాక్సుకి అందించాలి, తొక్కితే రెండింటినీ పూర్తిగా విడగొట్టాలి. ప్లేటు అరిగితే దెబ్బతినేది మొదటి పని. సింహాచలం ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు, మాడు వాసన వస్తుంది. గేరు గట్టిగా పడటం రెండో పనికి వచ్చే జబ్బు. అంటే పెడలు చివరిదాకా తొక్కినా క్లచ్చు పూర్తిగా విడిపోవట్లేదన్నమాట. ఇంకో తమాషా ఉంది. కేబులుతో పనిచేసే క్లచ్చుల్లో ప్లేటు అరిగేకొద్దీ పెడలు దగ్గర లూజు తగ్గుతుంది, కేబులు సాగేకొద్దీ పెరుగుతుంది. రెండూ ఎదురెదురు దిక్కులు! అలాంటప్పుడు గేరు పడట్లేదనగానే ముందు ప్లేటునే అనుమానించడంలో తర్కం ఎక్కడుందో నాకర్థం కాదు. (ప్రెషరు ప్లేటు పాడైనా, ఎక్కువ రోజులు కదలని బండిలో ప్లేటు తుప్పుపట్టి పట్టేసినా క్లచ్చు విడిపోదు, కాదనను. కానీ అవి చివర్లో చూడాల్సినవి.)

మనవాళ్ళెవరైనా "అప్లికేషను నెమ్మదిగా ఉంది, డేటాబేసు సర్వరు మార్చేద్దాం" అంటే ఊరుకుంటామా? లాగులు చూశావా అని అడుగుతాం. కారుకి లాగులు ఉండవు గానీ, పైసా ఖర్చు లేని పరీక్షలున్నాయి.

మొదటిది ఇంజను ఆపి చేసేది. హ్యాండుబ్రేకు వేసి, క్లచ్చు తొక్కి, అన్ని గేర్లూ మార్చి చూడండి. తర్వాత ఇంజను స్టార్టు చేసి అదే పని చెయ్యండి. ఆపినప్పుడు వెన్నలా పడి, నడుస్తున్నప్పుడు మొండికేస్తే లోపం క్లచ్చు వైపు ఉంది. ఆపినా గట్టిగానే ఉంటే క్లచ్చు జోలికి పోనక్కర్లేదు. గేరు రాడ్డు, దాని బుష్షులు, ఆయిలు చూసుకోవాలి. రెండోది రివర్సు పరీక్ష. ఈ పాత బండ్లలో ముందుకెళ్ళే గేర్లకి ఉన్నట్టు రివర్సుకి సింక్రో ఉండదు. క్లచ్చు పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి అప్పుడు రివర్సు వెయ్యండి. ఆ వ్యవధిలో లోపల షాఫ్టు తిరగడం ఆగిపోవాలి. ఆగినా సరే కరకరమందంటే క్లచ్చు ఇంకా పట్టుకునే ఉంది.

ఇవన్నీ చేసేముందు పెడలు కింద మ్యాటు అడ్డం పడిందేమో చూడండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా.

మిగతా గేర్లన్నీ బాగా పడి ఒక్క రెండో గేరో మూడో గేరో మాత్రం నడుస్తుండగా కరకరమంటే అది ఆ గేరు సింక్రో రింగు. అప్పుడు మాత్రం గేరుబాక్సు విప్పక తప్పదు. పొద్దున్నే గట్టిగా ఉండి కాసేపు తిరిగాక తేలికైతే ఆయిలు పాతబడిందనో, చిక్కదనం తప్పు ఆయిలు పోశారనో అర్థం. అంతేగానీ విశాఖ చలికి గేరు ఆయిలు గడ్డకట్టదు, మనదేం లంబసింగి కాదు కదా! ఆయిలు కొనేటప్పుడు డబ్బా మీద జీఎల్-4 అని ఉందో జీఎల్-5 అని ఉందో చూసి, కారు మాన్యువల్లో ఏది రాశారో అదే పొయ్యమనండి. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరసు కలిసిన మందులు ఎక్కువ. వాటిలో కొన్ని ఇత్తడి సింక్రో రింగులకి పడవు. నంబరు పెద్దదైతే మంచిదనుకోవడం సాఫ్టువేరు వెర్షన్లకే సరిగ్గా వర్తించదు, ఇక ఆయిలుకేం వర్తిస్తుంది?

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే మా మామయ్యగారి కారు వల్ల. ఆయన స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. కారు 2003లో కొన్న మారుతి 800. ఉక్కునగరం క్వార్టర్సు వదిలి పెదవాల్తేరులో సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్టుమెంటుకి మారిన రెండేళ్ళకి గేరు మొండికేసింది. ఒక షెడ్డులో క్లచ్చు సెట్టు, లేబరు కలిపి ఐదున్నర వేలన్నారు, పైగా దించాక ఇంకేం బయటపడుతుందో అన్నారు. మా బావమరిది అమ్మేయమన్నాడు. వాడి లెక్క వాడిది: 2022 ఏప్రిలు నుంచి పదిహేనేళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషను రెన్యువలు ఫీజు 600 నుంచి 5,000 అయింది, బండి తయారీయే 2014 జనవరిలో ఆగిపోయింది. మామయ్యగారి లెక్క వేరు. "ఇది పోతే ఇంకో బండి చేతికి అలవాటు చేసుకునే ఓపిక నాకు లేదురా, డ్రైవింగు మానేస్తాను" అన్నారు. అత్తయ్యకి మోకాలి ఆపరేషను అయి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. అంటే ఇక్కడ తేలాల్సింది క్లచ్చు సంగతొక్కటే కాదు.

పరీక్ష చేస్తే తేలింది ఒకటి కాదు, రెండు బగ్గులు. ఇంజను ఆపినప్పుడు గేర్లు పడుతున్నాయి గానీ లీవరు పక్కలకి జరగడం బిగుతుగా ఉంది. ఇంజను నడుస్తుంటే ఫస్టూ రివర్సూ అసలు పడట్లేదు. కేబులు చివర ఉక్కు పోగులు కొన్ని తెగి, తొడుగు లోపల తుప్పు. కారు కింద గేరు రాడ్డు జాయింటు దగ్గర మట్టి, గ్రీజు ఎండిపోయి రాయిలా ఉన్నాయి, బుష్షు గట్టిపడింది. కొత్త కేబులు, బుష్షు, శుభ్రం చేసి గ్రీజు పెట్టడం, అన్నీ కలిపి పన్నెండు వందలు.

సముద్రం పక్కన పెట్టే బండికి ఇది వింతేమీ కాదు. గాలిలో వచ్చే ఉప్పు ఇనుము మీద పడి తేమని పట్టి ఉంచుతుంది, ఆ ఉప్పునీటి పొరలో తుప్పు వేగంగా నడుస్తుంది. పైకి కనపడే డోరుకి మనం పెయింటు వేయిస్తాం, కేబులు తొడుగు లోపలికి ఎవరు చూస్తారు? 1966లో ఉద్యమం చేసి, ప్రాణాలు పోగొట్టుకుని, చివరికి 1992లో జాతికి అంకితం చేయించుకున్న ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు మనది. సముద్రపు ఒడ్డున కట్టిన దేశపు మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం అది. ఉక్కు చేసే ఊరిగాలే ఉక్కుని తినేస్తుంది! అందుకే బీచికి దగ్గర్లో ఉండేవాళ్ళు ఏడాదికోసారి, వానాకాలం అయ్యాక, బండిని లిఫ్టు ఎక్కించి గేరు రాడ్డు జాయింట్లు, క్లచ్చు కేబులు చివరలు చూపించుకోవడం మంచిది. రుషికొండ ఆఫీసులకి రోజూ గాజువాక నుంచి వచ్చేవాళ్ళకైతే ఎన్‌ఏడీ, హనుమంతవాక ట్రాఫిక్కులో క్లచ్చు తొక్కుడు మరీ ఎక్కువ.

ఇప్పుడు ఆ మొదటి గొడవ. ఈ రెండు బగ్గుల్నీ పట్టుకున్నది గాజువాక ఆటోనగరులో ఒక పెద్ద వయసు మేస్త్రీ. పావుగంట చూశాడు, పెడలు తొక్కించాడు, కింద పడుకుని ఎవరినో లీవరు కదపమన్నాడు. చూసినందుకు ఎంత అంటే ఇబ్బందిగా నవ్వాడు. "ఏటీ మార్చకుండా డబ్బులడిగితే జనం గొడవెట్టుకుంటారు సార్. పార్టు మారిస్తే మాటాడకుండా ఇత్తారు" అన్నాడు.

అదీ అసలు రోగం. రోగనిర్ధారణకి డబ్బులివ్వని కస్టమరుకి షెడ్డువాడు పార్టులే అమ్ముతాడు, ఇంకేం చేస్తాడు? తప్పు కనిపెట్టడానికి గంటకింత అని క్లయింటుకి బిల్లు వేసే వృత్తి మనది. మూడు రోజులు వెతికి ఒక్క లైను మార్చినా ఆ మూడు రోజులకీ బిల్లు వెళ్తుంది, ఎవరూ "ఒక్క లైనే కదా" అనరు (అంటారనుకోండి, అయినా ఇస్తారు :-)). అదే మనిషి షెడ్డు దగ్గర "నట్టు తిప్పినందుకు మూడొందలా?" అంటాడు. నా ఉద్దేశంలో బండి ఇచ్చేటప్పుడే చెప్పెయ్యాలి: "చూడ్డానికి ఇంత ఇస్తాను, ఏమీ మార్చకపోయినా ఇస్తాను. ఏది పోయిందో నాకు చూపించి మరీ మార్చు" అని. పెద్ద సర్వీసు సెంటర్లలో ఈ మాట చెల్లకపోవచ్చు, అక్కడ కౌంటరులో కూర్చున్న కుర్రాడికి బండి కింద ఏముందో తెలియదు. ఆటోనగరులో చెల్లుతుంది.

మేస్త్రీకి ఆ రోజు చూసినందుకని విడిగా మూడు వందలు ఇచ్చాం, తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. ఇప్పుడు మామయ్యగారు ఏ చిన్న చప్పుడు వచ్చినా ముందు ఆయనకే ఫోను చేస్తారు. అవతలనుంచి మొదటి ప్రశ్న, "ఇంజను ఆపి చూసారా సార్?"