ఊపిరి లెక్కలో లేని బస్తీలు

2020 మార్చి చివర దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు, జలంధర్ వాసులకు ఇళ్ల మేడల మీదినుంచి ధౌలాధర్ మంచుకొండలు కనిపించాయి. మన హైదరాబాదుకు ఆ కొండలు లేవు. కాని మా గల్లీలో ఫజర్ నమాజుకు లేచిన ముసలివాళ్లు దగ్గకుండా వుజూ చేసుకున్న రోజులు అవే. ఆ రోజుల్లోనే టీవీ తెరల మీద మన సముదాయాన్ని రోగవాహకులుగా నిలబెట్టారు. విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని చెప్పవలసి వచ్చింది. ఆ అవమానం గురించి చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నేను రాయదలచింది ఆ రోజులు నేర్పిన మరో పాఠం గురించి. పొగ ఆగితే గాలి బాగుపడుతుందని, ఊపిరితిత్తులు ముందే చెడిన మనిషి మహమ్మారికి త్వరగా లొంగిపోతాడని పాలకులు కళ్లారా చూశారు. చూసిన తరువాత ఏం చేశారన్నదే ప్రశ్న.

డబ్బు ఇవ్వలేదని అనడానికి వీల్లేదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. మహమ్మారి నడుమ, 2021 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో పది లక్షల జనాభా దాటిన 42 నగరాలకు 2,217 కోట్ల రూపాయలు ప్రకటించారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఆ జాబితాలో ఉన్నాయి. కర్నూలు, కడప, గుంటూరు, నెల్లూరు, నల్లగొండ, పటాన్‌చెరు కూడా గాలి ప్రమాణాలను అందుకోలేని ఊళ్లుగా కార్యక్రమంలోకి వచ్చాయి. 2017 నాటి దుమ్మును 2024 నాటికి 20 నుంచి 30 శాతం తగ్గిస్తామని మొదట అన్నారు. తరువాత ఆ లక్ష్యాన్ని 2025-26 నాటికి 40 శాతానికి పెంచారు.

ముప్పై ఏళ్లకు పైగా సర్కారీ దస్త్రాల మధ్య గడిపిన గుమాస్తాను నేను. ఒక పథకం ఎవరి కోసమో తెలుసుకోవాలంటే దాని పీఠిక చదివి లాభం లేదు, ఏ పద్దు కింద ఎంత ఖర్చు రాశారో చూడాలి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో ఆ పద్దులు విప్పి చూపింది. ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయింది. రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, నీళ్లు చల్లడం, ఊడ్చే యంత్రాలు కొనడం ఇందులోకే వస్తాయి. వాహనాల పొగను అదుపు చేయడానికి 13 శాతం కూడా లేదు. పరిశ్రమల పొగకు 0.61 శాతం. అవును, ఒక్క శాతం కూడా కాదు. గాలి పేరు మీద వచ్చిన సొమ్ములో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఏ మున్సిపాలిటీ అయినా మామూలుగా చేయవలసిన రోడ్డు పనికే పోయిందన్న మాట.

ఇందులో దొంగతనం ఉందని నేను అనడం లేదు. కొలత అలా పెట్టారు, పని దాని వెంట పోయింది. నగరం ఎంత బాగుపడిందో తేల్చడానికి చూసేది పి.ఎం. 10 అనే ముతక దుమ్మును. చీపురుకు, నీటి ట్యాంకరుకు లొంగేది అదే. పి.ఎం. 2.5 అనే సన్నని ధూళి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. డీజిలు, బొగ్గు, కాలుతున్న ప్లాస్టిక్కు, చెత్త మంటలనుంచి ఎక్కువగా పుడుతుంది. ఊపిరితిత్తుల అట్టడుగుకు దిగి నెత్తురులో కలిసేది అది. దాన్ని తగ్గించినా నగరానికి పథకంలో మార్కులు రావు. అటువంటప్పుడు ఏ కమిషనరు కొలిమి దగ్గరికి వెళతాడు? ఊడ్పు యంత్రం కొని ఫొటో దిగడం సులువు.

ఇంకొక తమాషా కూడా చూడండి. ఆర్థిక సంఘం గ్రాంటుకు నగరాలు ‘మంచి గాలి’ రోజులను లెక్క చూపాలి. వాయు నాణ్యతా సూచిక 200 లోపు ఉంటే అది మంచి రోజే. కాని ఇదే ప్రభుత్వ సూచిక పట్టికలో 101 నుంచి 200 దాకా ఉన్న గాలి ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారికి శ్వాస ఇబ్బంది కలిగించే గాలి. ఒక కాగితంలో రోగికి హెచ్చరిక, మరో కాగితంలో నగరానికి బహుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సెప్టెంబరులో పి.ఎం. 2.5 సంవత్సర సగటు హద్దును ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములనుంచి 5కు దించింది. మన హద్దు 2009లో రాసుకున్న 40 దగ్గరే కదలకుండా ఉంది.

ఇక కొలిచే చోటు సంగతి. గంటగంటకూ అంకెలు చూపే కేంద్రాల్లో చాలా ఏళ్లపాటు పాత నగరానికంతటికీ దిక్కుగా ఉన్నది జూపార్కు దగ్గరిది. తరువాత మలక్‌పేటలో మరొకటి చేరింది. చార్మినార్ వంటి చోట్ల వారానికి రెండుమార్లు నమూనా తీసే పాత పద్ధతి కేంద్రాలున్నాయి. హైదరాబాదు జిల్లా జనాభాలో 43 శాతం ముస్లిములని 2011 జనగణన చెబుతోంది. వారిలో అత్యధికులు నివసించే ఇరుకు గల్లీల్లో ఏ రాత్రి ఏ గాలి పీలుస్తున్నారో చెప్పే అంకె లేదు. అంకె లేని చోట సమస్య లేదు, సమస్య లేని చోట నిధి లేదు. ఈ మెలిక దఫ్తరు తెలిసినవారికి కొత్త కాదు.

కాటేదాన్, టాటానగర్, శాస్త్రిపురం వైపు రాత్రి పదింటికి ఒకసారి వెళ్లి రండి. నగరం పారేసిన ప్లాస్టిక్కు, వైర్లు, పాత బ్యాటరీ డబ్బాలు అక్కడికి చేరతాయి. వాటిని ఏరి, కోసి, కరిగించి మళ్లీ సరుకుగా మార్చేది మన పిల్లలు, బిహార్ నుంచి వచ్చిన పిల్లలు. రాగి కోసం వైరు కాలిస్తే వచ్చే పొగ వాళ్ల ఇంటి వంటగదిలోకే పోతుంది. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తరలించాలని 2013లోనే జీవో వచ్చింది. దాన్ని అమలు చేయాలని తోచినప్పుడు అధికారులు పెద్ద గేటున్న కర్మాగారాన్ని దాటుకుని వచ్చి, రేకుల షెడ్డు గుడిసెకు తాళం వేస్తారు. మరుసటి వారం అదే పని మరింత లోపలి గల్లీలోకి, పిల్లలు నిద్రపోయే చోటికి జరుగుతుంది.

పెద్దలకొక న్యాయం, పేదలకొక న్యాయం ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధక వాయువుకు 2015 డిసెంబరులో హద్దు పెట్టి, రెండేళ్లలో శుద్ధి యంత్రాలు బిగించాలన్నారు. గడువు పొడిగించారు. మహమ్మారి తరువాత మళ్లీ పొడిగించారు, మళ్లీ మళ్లీ పొడిగించారు. చివరికి 2025 జూలైలో దాదాపు 78 శాతం కేంద్రాలకు ఆ యంత్రాలే అక్కర్లేదని మినహాయించారు. గంధక వాయువు గాలిలో మారి సన్నని ధూళిగా తయారవుతుందన్నది ఎవరూ కాదనలేని శాస్త్రం. అదే ఢిల్లీలో గాలి చెడిన రోజున అమలయ్యే ఆంక్షల జాబితాలో హోటళ్ల బొగ్గు తందూర్ ఉంటుంది. రొట్టె కాల్చేవాడికి మినహాయింపు ఇచ్చినట్టు నేను వినలేదు.

“గాలికి కూడా మతం అంటగడుతున్నారా?” అని మిత్రులు అడుగుతారు. గాలికి మతం లేదు, చిరునామా ఉంది. పట్టణాల్లో మనకు ఇల్లు ఎక్కడ అద్దెకిస్తారో, ఎక్కడ ఇవ్వరో నేను చెప్పనక్కర్లేదు. ఉద్యోగాల తలుపులు ఎంత ఇరుకో సచార్ కమిటీ 2006లోనే రాసింది. ముస్లిం మగ శ్రామికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారు, దేశపు సగటు 8 శాతం లోపే. అంటే రోజంతా రోడ్డు పక్కన, సైలెన్సర్ గొట్టం ఎత్తున నిలబడి బతికేవారు మనలో ఎక్కువ. ఆటో తోలేవాడు, వెల్డింగు చేసేవాడు, టైరు పంక్చరు వేసేవాడు ఎవరో చూడండి. దళిత వాడలకు, వలస కూలీల గుడిసెలకు ఇదే మాట వర్తిస్తుంది. వారితో కలిసి అడగవలసిన హక్కు ఇది. స్వచ్ఛమైన గాలి 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో 1991లోనే చెప్పింది. ప్రభుత్వమేమో వాయు కాలుష్యం వల్లనే మరణాలు జరిగాయనడానికి తిరుగులేని ఆధారం లేదని పార్లమెంటులో పలుమార్లు జవాబిచ్చింది. కొలవనివాడికి ఆధారం ఎక్కడినుంచి వస్తుంది?

మన తప్పు కూడా చెప్పుకోవాలి. గల్లీ మొగలో చెత్తకు నిప్పు పెట్టేది మునిసిపాలిటీవాళ్లు మాత్రమే కాదు. షాదీ బారాత్‌లో గంటసేపు టపాకాయలు కాల్చి, పక్కింట్లో ఆస్తమా ముసలమ్మ ఉందని మరిచేది మనమే. దారిలో ముల్లు తీయడం ఈమాన్‌లో భాగమని చిన్నప్పుడే నేర్చుకున్న సముదాయం మనది.

2021 రెండో అలలో మా కమిటీ కుర్రవాళ్లు ఆక్సిజన్ సిలిండర్లు మోశారు. సిలిండర్ అందక పోయినవారిలో ఇరవై ఏళ్లు తుక్కు గోదాములో పనిచేసిన ఒకాయన జనాజాకు భుజం పట్టాను. ఆయన దగ్గు మహమ్మారి కంటే పాతది. ఆ సంగతి మనసులో ఉండే కిరుడు సంవత్సరం ఒక పురపాలక కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. గాలి నిధుల్లో మా డివిజనుకు ఎంత ఖర్చయిందని అడిగాను. వచ్చిన జవాబులో ఒక ఫుట్‌పాత్ పని, ఒక రోడ్డు పని ఉన్నాయి. ఆ రోడ్డు మా డివిజనులో లేదు.

ఈ కార్యక్రమానికి 2026 మార్చి దాకానే గడువు పెట్టారు. తరువాతి దఫా నియమాలు రాసేవారిని అడగవలసింది ఇప్పుడే. సన్నని ధూళి తగ్గినప్పుడే గ్రాంటు ఇవ్వాలి. కొలిచే యంత్రాలు జనం కిక్కిరిసిన బస్తీల్లో పెట్టాలి, మస్జిద్ మేడో సర్కారీ బడి కప్పో చూపించడానికి మేం సిద్ధం. తుక్కు పనివారికి తాళాలు కాదు, పొగ గొట్టాలున్న ఉమ్మడి షెడ్లు, వైరు కాల్చకుండా ఒలిచే యంత్రాలు కావాలి. రెండు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థలూ డీజిలు ఆటో మార్చుకునేవాడికి విద్యుత్ ఆటో మీద సబ్సిడీ రుణం ఇవ్వాలి. ఏ డివిజనుకు ఎంత ఖర్చయిందో ఏటా వార్డు కార్యాలయం గోడ మీద రాయాలి.

ఆ జవాబు మీద మొదటి అప్పీలు వేశాను. నలభై ఐదు రోజుల గడువు దాటింది, రెండోది రాస్తున్నాను. తమ డివిజను లెక్క అడగదలచిన సోదర సోదరీమణులు పత్రికకు ఉత్తరం రాస్తే దరఖాస్తు నమూనా పంపుతాను. దానికి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు చాలు.