బల్ల దగ్గర పనిచేసే హోంగార్డుల వినతిపత్రం

గౌరవనీయులు
రాష్ట్ర హోంశాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,
హోంగార్డ్స్ విభాగం ఉన్నతాధికారి గారికి,
హైదరాబాద్.

విషయం: జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పోలీస్ స్టేషన్లలో, కార్యాలయాల్లో రాతపని, కంప్యూటర్ పని, రిసెప్షన్ పని చేస్తున్న హోంగార్డుల విధులను రికార్డులకు ఎక్కించవలసిందిగా మనవి.

అయ్యా, అమ్మా,

హోంగార్డు అనగానే చౌరస్తాలో ఎండకు నిలబడి ఈల వేసే మనిషే అందరికీ గుర్తొస్తాడు. మాదీ అదే ఖాకీ, అదే బ్యాడ్జి. కాకపోతే మా ఎండ ట్యూబులైటు కింద. స్టేషన్‌లో అడుగుపెట్టిన మనిషిని మొదట పలకరించేది మేము. దరఖాస్తు రాయడం రానివాళ్లకు రాసిపెడతాం, తపాలా ఇన్‌వార్డు చేస్తాం, రైటర్ గారు చెబుతుంటే టైపు చేస్తాం, కోర్టు సమన్లు కట్టలు కట్టి పేర్లవారీగా సర్దుతాం, కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తుతాం. చౌరస్తాలో ఉన్న మా తమ్ముళ్ల కష్టం మాకంటే ఎక్కువే, అందులో పేచీ లేదు. వాళ్ల పని కనీసం నలుగురికీ కనపడుతుంది. మా పని రోడ్డు మీద జనానికే కాదు, డిపార్ట్‌మెంటు కాగితాల్లో కూడా కనపడదు. ఈ వినతి దాని గురించే.

ఒక రోజు సంగతి చెబుతాం. స్టేషన్ పేరు వద్దు, అక్కడి వాళ్లను ఇరుకున పెట్టడం మా ఉద్దేశం కాదు. మిర్చి అమ్ముకున్న డబ్బు ఖాతాలో పడిన మర్నాడే ఒక తండా పెద్దాయనకు బ్యాంకు నుంచి అంటూ ఫోన్ వచ్చింది. వాళ్లు అడిగిన అంకెలన్నీ ఆయన చెప్పేశాడు. ఖాతా ఊడ్చుకుపోయింది. మనవడి బండి మీద స్టేషన్‌కు వచ్చేసరికి ఆయనకు మాట పెగలడం లేదు, వచ్చిన నాలుగు మాటలూ లంబాడీలోనే. రిసెప్షన్‌లో ఉన్న హోంగార్డు తండా పిల్ల. "బాపూ, ముందు కూర్చో, నీళ్లు తాగు" అని వాళ్ల భాషలోనే చెప్పి, ఫోన్ ఎప్పుడు వచ్చిందో అడిగి, ఫిర్యాదు రాయడం పక్కనబెట్టి మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. ఇలాంటి కేసుల్లో నిమిషాలే లెక్క. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకకముందే ఆపగలిగితే ఆపినట్టు, లేకపోతే లేనట్టు. ఫిర్యాదు నంబరు ఫోన్‌కు వచ్చాకే ఆమె తెల్లకాగితం తీసి, ఆయన చెప్పింది తెలుగులో రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుంది.

ఆ రోజు జనరల్ డైరీలో ఆమె గురించి రాసిందల్లా ఇంతే: "హెచ్‌జీ, స్టేషన్ డ్యూటీ." గేటు దగ్గర కూర్చున్నా అదే, టీ తెచ్చినా అదే, ఒక రైతు డబ్బు కోసం గంటసేపు ఫోన్‌తో కుస్తీ పట్టినా అదే. ఆ ఫిర్యాదు కంప్యూటర్‌లోకి ఎక్కింది వేరొకరి లాగిన్‌తో. ఆమె అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా, పనిచేసినట్టు చూపించుకోవడానికి ఒక్క కాగితమూ ఉండదు.

కాబట్టి మా మొదటి కోరిక, అసలు కోరిక కూడా ఇదే. బల్ల పనిలో ఉన్న ప్రతి హోంగార్డుకు ఫలానా విధి అని పేరుతో రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. రిసెప్షన్ అయితే రిసెప్షన్ అని, డేటా ఎంట్రీ అయితే డేటా ఎంట్రీ అని. కేసుల వివరాలు ఎక్కించే సీసీటీఎన్ఎస్ వంటి కంప్యూటర్ వ్యవస్థల్లో మా చేత పని చేయించేటట్లయితే, మా స్థాయికి తగ్గ పరిమితులతో మా పేరు మీదే లాగిన్ ఇవ్వండి. ఇది మా ఒక్కరి మేలు కోసం అడగడం లేదు. ఒకరి లాగిన్‌తో ఇంకొకరు ఎక్కించిన అక్షరంలో తప్పు దొర్లితే రేపు కోర్టులో బోనెక్కేది ఎవరు? సంతకం పెట్టిన అధికారి. టైపు చేసిన మేము ఆ కాగితంలో ఎక్కడా ఉండం. తప్పు మాదైతే మా పేరు మీదే పడనివ్వండి.

మా బల్ల మీదికి వచ్చే కాగితాలు అల్లాటప్పావి కావు. పోక్సో కేసు కాగితం కూడా మా కళ్ల ముందు నుంచే పోతుంది. బాధిత పిల్లల వివరాలు బయటికి పొక్కకూడదని 2012 నాటి ఆ చట్టంలోనే ఉంది. మాలో చాలామందికి ఆ సంగతి చెప్పింది పక్క సీటు రైటర్ గారు, అదీ మాటల మధ్యలో. రహస్యం కాపాడతామని మా చేత హామీపత్రం రాయించుకోండి, ఏది ఎవరితో అనకూడదో కూర్చోబెట్టి చెప్పండి. బాధ్యత పెంచమని అడిగే వినతిపత్రాలు తమ దగ్గరికి తరచుగా రావేమో. ఇది అలాంటిది.

శిక్షణ గురించి. 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. ఎఫ్‌ఐఆర్ మీద ఏళ్ల తరబడి కొట్టిన 154వ సెక్షన్ పోయి 173 వచ్చింది. దొంగతనానికి 379 పోయి 303(2), మోసానికి 420 పోయి 318(4). ఊళ్లల్లో మనిషిని తిట్టడానికి ఇంకా 420 అనే అంటున్నారు, అది ఎవరూ మార్చలేరు. మా వేళ్లు కూడా అలవాటు కొద్దీ పాత అంకెల మీదికే పోయేవి. కానిస్టేబుళ్లకు, అధికారులకు తరగతులు పెట్టారు, మంచిదే. ఆ అంకెల్ని రోజూ టైపు చేసే మాకు దక్కింది మాత్రం వాట్సాప్‌లో తిరిగిన ఒక పట్టిక, అది కూడా సగం మసకగా. ఏడాదికి ఒకసారి, కనీసం వారం రోజులు, డ్యూటీ కిందే లెక్కగట్టి మాకు శిక్షణ ఇవ్వండి. కొత్త సెక్షన్లు, తెలుగు టైపింగు, సైబర్ ఫిర్యాదు తీసుకునే తీరు, ఏడుస్తూ వచ్చిన మనిషితో మాట్లాడే తీరు. చివరిది అన్నింటికన్నా కష్టం.

మమ్మల్ని స్వచ్ఛంద సేవకులు అంటారు. కాదనం, మా దళం పుట్టుకే అది. 1946 డిసెంబరు 6న బొంబాయిలో, అల్లర్ల వేళ పోలీసులకు తోడుగా ఇది మొదలైంది. 1962 చైనా యుద్ధం తర్వాత, వేర్వేరు పేర్లతో ఉన్న దళాలను హోంగార్డ్స్ అనే ఒకే పేరు కిందికి తెమ్మని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. బతుకుతెరువు వేరేగా ఉన్న మనిషి అవసరం పడినప్పుడు వచ్చి సాయం చేసి వెళ్తాడని అప్పటి ఊహ. బ్రిటన్‌లో ఇప్పటికీ అలాగే నడుస్తోంది. పోలీస్ సపోర్ట్ వాలంటీర్లని అక్కడ ఉన్నారు. ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్లు, చదువుకునే పిల్లలు వీలున్నప్పుడు కొన్ని గంటలు వచ్చి ఆఫీసు పనిలో చెయ్యి కలుపుతారు. జీతం ఉండదు. కానీ పనిలోకి తీసుకునే ముందు మనిషి వెనకాముందూ విచారిస్తారు, చేయాల్సిన పని ఏమిటో కాగితం మీద పెడతారు. 2017లో చట్టం చేసి, వాలంటీర్లకు ఏయే అధికారాలు అప్పగించవచ్చో కూడా రాసుకున్నారు. నాలుగు గంటల సాయానికి అంత కాగితం ఉంటే, పొద్దున వచ్చి చీకటిపడ్డాక ఇల్లు చేరే మాకు ఒక్క పేజీ ఉత్తర్వు అడగడం అత్యాశ కాదనుకుంటాం.

డబ్బు సంగతి క్లుప్తంగా. 921 రూపాయలున్న రోజు భత్యాన్ని 2025 జనవరి నుంచి 1,000 చేశారు. వారాంతపు పరేడ్ భత్యం 100 నుంచి 200 అయింది. చేసినవారికి కృతజ్ఞతలు. అయితే 2015 మార్చి 11న సుప్రీంకోర్టు హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో ఒక కొలత చెప్పింది: క్రమబద్ధీకరణ హక్కు కాదు గానీ, నెల రోజుల డ్యూటీ భత్యం కలిపితే ఆ రాష్ట్ర పోలీసు సిబ్బంది కనీస వేతనానికి సరితూగాలి. ఆ కొలతను ఒక ఉత్తర్వులో కట్టేయమని మా మనవి. వేతన సవరణ (పీఆర్‌సీ) వచ్చి కానిస్టేబుల్ కనీస వేతనం మారిన రోజే మా భత్యమూ మారాలి. ప్రతిసారీ ఎవరో ఒక నాయకుడు సభలో ప్రకటించేదాకా మేము టీవీ ముందు కూర్చోకుండా ఉంటే చాలు. పర్మనెంటు చేయమని ఈ కాగితంలో అడగడం లేదు. ఆ కోరిక లేక కాదు. దానికి వేరే తలుపు తట్టాలి, ఈ కాగితాన్ని దానితో ముడిపెడితే రెండూ మూలన పడతాయని మా భయం.

ఇక మా మూడు జిల్లాల ప్రత్యేక ఇబ్బంది. మాలో పాతవాళ్లంతా ఒకే వరంగల్ జిల్లాలో చేరినవాళ్లం. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. ఇప్పుడు జనగామ వరంగల్ కమిషనరేట్ కింద నగర పోలీసు లెక్కలో ఉంది. మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి విడివిడిగా ఎస్పీలున్నారు. ఉద్యోగాల జోన్లు చూస్తే జనగామ యాదాద్రి జోన్‌లో, మహబూబాబాద్ భద్రాద్రిలో, భూపాలపల్లి కాళేశ్వరంలో. ఒకే బ్యాచ్‌లో కవాతు చేసిన ముగ్గురం ఇవాళ మూడు జోన్ల మనుషులం. దేవుళ్ల పేర్లే కాబట్టి గొడవ లేదు, గొడవంతా సర్వీసు లెక్కల దగ్గరే. విభజనకు ముందు చేసిన సర్వీసును, బల్ల పని ఎన్నాళ్లు, బందోబస్తు ఎన్నాళ్లు అన్నది విడదీసి, ప్రతి ఒక్కరికీ ఒక సర్వీసు పుస్తకంలో రాసి ఇవ్వండి. పాత రోస్టర్లు చెదలు పట్టకముందే ఈ పని జరగాలి.

ఆ పుస్తకం ఎందుకంటే, కానిస్టేబుల్ నియామకాల్లో హోంగార్డులకు కోటా ఉంది. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. పదేళ్లు కుర్చీలో కూర్చోబెట్టి, పొట్ట వచ్చాక, ఇప్పుడు పరిగెత్తు అంటే ఎట్లా? పరుగు తీసేయమని అనడం లేదు, శాంతిభద్రతలు చూసే మనిషికి అది ఉండాల్సిందే. ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ పోస్టుల్లో, పోలీసు కార్యాలయాల గుమస్తా పోస్టుల్లో ఆ పుస్తకంలో రాసిన బల్ల పని అనుభవానికి వెయిటేజీ మార్కులు ఇవ్వండి. మాకు వచ్చిన విద్య అదే.

మేము బల్ల మనుషులమే అయినా బందోబస్తు మమ్మల్ని వదలదు. రెండేళ్లకోసారి మేడారం జాతర ఉండనే ఉంది. 2025 మే నెలలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు వచ్చాయి. జాతరకు పోవడం మాకు ఇష్టమే, తల్లుల గద్దెల దగ్గర డ్యూటీ పడితే అదృష్టమనుకునేవాళ్లు మాలో ఉన్నారు. కానీ తిరిగొచ్చేసరికి బల్ల మీద తపాలా మోకాలెత్తు ఉంటుంది. బందోబస్తు రోజుల్లో బల్లకు ఒక బదులు మనిషిని చూపించండి, లేదంటే పేరుకున్న పని తీర్చడానికి నాలుగు రోజులు గడువివ్వండి.

వానాకాలం కంట్రోల్ రూము వేరే లోకం. 2023 జూలైలో మోరంచవాగు పొంగి ఒక ఊరిని ముంచిన సంగతి, 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన సంగతి తమకు తెలుసు. అలాంటి రాత్రుల్లో ఫోన్ దించితే మళ్లీ మోగుతుంది. అటువైపు మనిషి మిద్దె మీద నిలబడి మాట్లాడుతుంటాడు. మాకు తెలిసింది చెబుతాం, తెలియంది అధికారులకు చేరవేస్తాం. ఆ రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఇంటికి ఎట్లా చేరాలన్నది మాత్రం ఏ రోస్టర్‌లోనూ ఉండదు. రాత్రి షిఫ్టులో ఉన్న మహిళా హోంగార్డులకు స్టేషన్ వాహనంలో ఇల్లు చేర్చే ఏర్పాటు కావాలి.

కుర్చీ గురించి కూడా ఒక మాట. నవ్వుకోకండి. మాలో ఒకరు వాడే కుర్చీకి ఒక కాలు లేదు, ఆ చోట రెండు పాత రిజిస్టర్లు పెట్టారు. పది గంటలు దాని మీద కూర్చుంటే నడుం ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. స్టేషన్లకు ఫర్నిచర్ ఇచ్చేటప్పుడు మా తలలు కూడా లెక్కపెట్టండి. ఏటా కంటి పరీక్ష చేయించండి.

పై మనవులన్నింటిలో ఖర్చు లేనిది మొదటిదే. విధికి పేరు పెట్టే ఉత్తర్వుకు ఒక కాగితం, ఒక సంతకం చాలు. అది ముందుగా ఇప్పించి, మిగతావి పరిశీలనలో పెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో కార్యాలయ విధుల్లో ఉన్న హోంగార్డులు.

జతపరచినవి: సంతకాల కాగితాలు. భూపాలపల్లి వైపు కొందరు బందోబస్తులో ఉన్నందున వారి సంతకాలు వచ్చే తపాలాలో పంపుతాం.

ప్రతులు: వరంగల్ పోలీస్ కమిషనర్ గారికి, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఎస్పీలకు, తగు చర్య నిమిత్తం.