ఫోర్ వీల్ డ్రైవ్.. ఎవరికి గిట్టుబాటు?

కరీంనగర్/ఆదిలాబాద్: నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే వాహనాలపై కారు ప్రియుల్లో మోజు ఎక్కువే. అయితే ఆ సదుపాయానికి చెల్లించే అదనపు సొమ్ము అందరికీ అక్కరకొస్తుందా అన్నదే ప్రశ్న.

2023 జూన్‌లో విడుదలైన మారుతీ జిమ్నీలో అన్ని రకాలకూ ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. అప్పటి ఎక్స్‌షోరూం ప్రారంభ ధర రూ.12.74 లక్షలు. 2024లో వచ్చిన మహీంద్రా థార్ రాక్స్‌లో మాత్రం అది కోరుకున్న వారికే. ఎంఎక్స్5 డీజిల్ మాన్యువల్ రకం వెనుక చక్రాల డ్రైవ్‌తో రూ.16.99 లక్షలు, ఫోర్ వీల్ డ్రైవ్‌తో రూ.18.79 లక్షలుగా ప్రకటించారు. తేడా రూ.1.80 లక్షలు. జీవితకాల పన్ను దీనికి అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ, సెస్సుల స్థానంలో ఒకే 40 శాతం పన్ను రావడంతో భారం కొంత తగ్గింది.

రాజీవ్ రహదారిపై తిరిగే కరీంనగర్ వాసికి ఈ తేడా వృథాయే. పొడి తారు రోడ్డుపై ఈ రెండు వాహనాలనూ టూ వీల్ డ్రైవ్‌లోనే నడపాలి. లేకుంటే గేర్ల వ్యవస్థపై ఒత్తిడి పడుతుంది. ఉట్నూరు, కెరమెరి వైపు వానాకాలంలో నల్లరేగడి బురదలో దిగబడినపుడు మాత్రం లో-రేంజ్ గేరు ఆదుకుంటుంది. బ్రేకు వేసినపుడు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ టైర్ల పట్టే దిక్కు.

ఏడాదిలో ఎన్ని రోజులు మట్టిదారిన వెళతారో లెక్క వేసుకున్నాకే బేరానికి దిగడం మేలు.