స్విచ్ వేయగానే కంప్యూటరు ఎందుకు లేవదు?



స్విచ్ వేస్తే బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, మిక్సీ మోగుతుంది. కంప్యూటరు మాత్రం మీట నొక్కిన తర్వాత నల్లని తెర చూపి, ఏవో అక్షరాలు చూపి, చుక్కలు గుండ్రంగా తిప్పి, తీరిగ్గా లేస్తుంది. "ఇన్ని వేలు పోసి కొన్న యంత్రము వంద రూపాయల బల్బు పాటి చేయలేదా?" అని మన ఇండ్లలో పెద్దలు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఈ నెల దానికి జవాబు వెదకుదాము.

ఇది ఓపికకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. నంద్యాల జిల్లాలోని మా కొలిమిగుండ్ల ప్రాంతము నాపరాళ్ళ గనులకు, పాలిష్ ఫ్యాక్టరీలకు పేరు పడినది. ఇక్కడ అనేకులు ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకొనేవారే. బిడ్డ చదువుకు ఆదాయ ధృవపత్రము కావాలన్నా, పొలము కాగితము కావాలన్నా కంప్యూటరు ముందు నిలబడవలసినదే. వరుసలో 20 మంది ఉండగా యంత్రము లేవడానికి 5 నిమిషాలు పట్టిందనుకోండి. అందరివీ కలిపితే 100 నిమిషాలు పోయినట్లు. ఇంతలో కరెంటు పోయి వస్తే మరల మొదటికే. పూట పోతే పూట కూలి పోయినట్లే గదా!

అయితే ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఇంటి వస్తువులన్నీ తక్షణమే పని చేసేవి కావు. పాతకాలపు వాల్వు రేడియో వేడెక్కి మాట్లాడటానికి అర నిమిషము దాకా పట్టేది. ట్రాన్సిస్టరు వచ్చాక ఆ నిరీక్షణ పోయింది. చోకు, స్టార్టరు ఉన్న ట్యూబ్‌లైటు నాలుగైదుసార్లు మిణుకుమని గాని వెలగదు. వోల్టేజి తక్కువైతే ఇంకా ఆలస్యము. పంపు స్టవ్వును ముందు వేడి చేసి, తర్వాత గాలి కొట్టవలెను. కరెంటు వచ్చిన వెంటనే ఫ్రిజ్‌ను నడవనీయక స్టెబిలైజరు కొద్ది నిమిషాలు ఆపుతుంది. ఆ ఆలస్యము కంప్రెసరు కాలిపోకుండా కాపాడటానికే. మా ఊరి పేరులోనే కొలిమి ఉన్నది. తిత్తి ఊది, బొగ్గులు రాజుకున్న తర్వాతే ఇనుము ఎర్రబడుతుంది. దానికి కమ్మరిని ఎవరూ తప్పు పట్టరు.

మరి కంప్యూటరు లోపల ఏమి జరుగుతుంది? బల్బుకు ఒకటే పని. ఆ పని దాని తీగలోనే ఉన్నది. కంప్యూటరు అలా కాదు. లెక్క రాయడము, ఫోటో చూపడము, ఉత్తరము అచ్చు వేయడము, ఏ పని చెప్పినా చేయవలెను. కరెంటు పోగానే దాని పని చేసే జ్ఞాపకము తుడిచిపెట్టుకుపోతుంది. గనుక లేచిన ప్రతిసారీ అంతా మొదటినుండి నేర్చుకొనవలసినదే. ముందుగా ఒక చిన్న చిప్‌లో శాశ్వతముగా ఉన్న ప్రోగ్రాము లేచి, మెమరీ, కీబోర్డు, డిస్కు సరిగా ఉన్నాయో లేదో చూస్తుంది. ఆ తర్వాత డిస్కులో ఉన్న విండోస్ వంటి పెద్ద ప్రోగ్రామును మెమరీలోకి తెస్తుంది. ప్రింటరుకు, స్పీకరుకు, నెట్‌కు కావలసినవి ఒక్కొక్కటి సిద్ధము చేస్తుంది. తెల్లవారి అంగడి తెరిచేవాడు తాళము తీసి, ఊడ్చి, సరుకులు సర్ది, తక్కెడ పెట్టుకొన్న తర్వాతే బేరము మొదలుపెట్టినట్లు ఇదంతా జరుగుతుంది.

అంత మాత్రాన ఎంత ఆలస్యమైనా సహించవలెనా? అక్కరలేదు. 1984లో మన కేంద్ర ప్రభుత్వము 'క్లాస్' అనే పథకము కింద దేశములోని కొన్ని బడులకు కంప్యూటర్లు ఇచ్చింది. అవి 'బి.బి.సి. మైక్రో' అనే బ్రిటిష్ యంత్రాలు. స్విచ్ వేస్తే ఒక కూత కూసి వెంటనే సిద్ధమయ్యేవి. దానికి కావలసిన ప్రోగ్రామంతా చిప్‌లోనే స్థిరముగా ఉండేది. డిస్కు నుండి తెచ్చుకొనే పని లేదు. కాని దాని మెమరీ 32 కిలోబైట్లే. నేటి 4 జీబీ మెమరీ దానికి లక్షా ముప్పై వేల రెట్లకు పైమాట. పనులు పెరిగినకొద్దీ మోయవలసిన మూట పెరిగింది, లేవడము ఆలస్యమైంది.

ఈ ఆలస్యము తయారీదారులనూ కలవరపెట్టింది. 1983లో అమెరికాలో ఆపిల్ కంపెనీవారు మెకింతోష్ కంప్యూటరు తయారు చేస్తున్నారు. అది లేవడానికి పట్టే సమయములో 10 సెకండ్లు తగ్గించమని స్టీవ్ జాబ్స్ తన ఇంజనీరును తొందరపెట్టిన సంగతి, ఆ జట్టులోని ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ రాసిపెట్టాడు. జాబ్స్ వేసిన లెక్క ఇది: 50 లక్షల మంది వాడితే, రోజుకు 10 సెకండ్ల చొప్పున 5 కోట్ల సెకండ్లు మిగులుతాయి. అంటే ఒక్క రోజులోనే ఏడాదిన్నరకు పైగా మనుష్యుల కాలము! కొన్ని నెలల తర్వాత ఆ సమయము నిజముగానే 10 సెకండ్లకు పైగా తగ్గింది.

మన ఇండ్లలోని పాత కంప్యూటర్లకు పెద్ద అడ్డంకి హార్డ్ డిస్కు. దానిలోని పళ్ళెము నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంది. చదివే ముల్లు అటూ ఇటూ కదిలి వేలకొలది చిన్న ఫైళ్ళను వెదకి తేవలెను. దాని బదులు కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. వేస్తే, నిమిషాలు పట్టిన పని చాలా యంత్రాలలో సెకండ్లలోకి దిగుతుంది. కొత్త కంప్యూటరు కొనే ముందు ఈ ఒక్క మార్పు చేసి చూడటము మేలు.

వింత ఏమనగా, కంప్యూటరు త్వరపడుతుండగా ఇంటి వస్తువులు నిదానిస్తున్నాయి. స్మార్ట్ టీవీ, సెట్‌టాప్ బాక్సు లోపల ఉన్నదీ కంప్యూటరే. ప్లగ్గు పీకి మరల పెట్టి చూడండి, అదీ మెల్లగానే లేస్తుంది. రిమోటు నొక్కగానే వెలిగితే, అది పూర్తిగా నిద్రపోలేదన్నమాట. మూలనున్న ఎర్ర దీపము దానికి సాక్ష్యము. కొద్దిగా కరెంటు తాగుతూ మేలుకొనే ఉన్నది. కంప్యూటరుకూ 'స్లీప్' అనే ఏర్పాటు ఉన్నది. 2012లో వచ్చిన విండోస్ 8 మరొక ఉపాయము తెచ్చింది: ఆపేటప్పుడే తన ముఖ్యమైన స్థితిని డిస్కులో దాచుకొని, మరుసటిసారి అక్కడినుండి లేస్తుంది.

ఇండ్లలో, సంఘాలలో కంప్యూటరు వాడేవారు కొన్ని జాగ్రత్తలు పాటించవచ్చును. యంత్రముతోపాటు తామే లేచే ప్రోగ్రాములలో అక్కరలేనివి తీసివేయండి. పని ముగిసిన తర్వాత ప్లగ్గు పీకక, పద్ధతి ప్రకారము ఆపండి. లేకుంటే రాస్తున్న ఫైలు చెడిపోవచ్చును. కరెంటు కోతలున్న చోట యు.పి.ఎస్. పెట్టుకొనండి. ఆరాధనలో పాటలు తెరమీద చూపే సంఘాలవారు అప్‌డేట్లను శనివారమే ముగించుకొనుట మంచిది. లేనియెడల సంఘమంతా లేచి నిలబడిన తర్వాత "యంత్రమును ఆపవద్దు" అనే మాటే తెరమీద కనిపిస్తుంది.

ఎంత వేగము న్యాయము? బల్బంత కోరడము అత్యాశ. ముసలి వాల్వు రేడియోకు మన పెద్దలు ఇచ్చిన అర నిమిషము దీనికీ ఇవ్వవచ్చునని మా అభిప్రాయము. అంతకు మించితే కారణము వెదకవలెను. పదిమంది కొరకు పెట్టిన కంప్యూటరునైతే, మొదటి మనిషి వచ్చి నిలబడకముందే లేపి ఉంచవలెను. ఎదురు చూడవలసినది యంత్రము, కూలి మానుకొని వచ్చిన మనిషి కాదు.