పూజగది తలుపు మీద నెమలి ఎవరిది?

ఈమధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా పూజగది తలుపు దగ్గర ఆగి చూడకుండా ఉండలేం. నెమళ్ళు, పద్మాలు, పూర్ణకుంభాలు, పైన గజలక్ష్మి! ఒకప్పుడు ఊళ్ళో ఒకటో రెండో మేడల్లో కనిపించే నగిషీ ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్లలోకి కూడా వచ్చేసింది. పూజగదితో ఆగిందా? టీవీ వెనకా, మంచం తలవైపూ అలలు అలలుగా చెక్కిన పలకలు బిగిస్తున్నారు. (వాటి గాడుల్లో దుమ్ము తుడిచేది ఎవరో వేరే చెప్పాలా? పాత టూత్ బ్రష్ పట్టుకుని మనమే.)

ఆమధ్య మా వీధిలో ఇల్లు కట్టుకున్న ఒకావిడ, "అసలు టేకు అండీ, చేతిపని" అంటూ తలుపు చూపించి మురిసిపోయింది. నెల తిరక్కుండానే అచ్చం అదే నెమలి, దాని ముక్కు కింద అదే పువ్వు, ఇంకో పేటలో ఇంకో ఇంట్లో చూశాను. ఆవిడకి చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి ఊరుకున్నాను.

అది చేతిపని కాదు, సి.ఎన్.సి. రౌటర్ అనే యంత్రం పని. పెద్ద బల్ల మీద చెక్కని బిగిస్తారు. పైనుండే మర అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ కదులుతుంది. దాని మొనన ఉండే బిట్ నిమిషానికి 18,000 నుంచి 24,000 చుట్లు తిరుగుతుంది. ఎక్కడ ఎంత లోతు దిగాలో అంకెల్లో చెప్పేది కంప్యూటర్. ముందు లావు బిట్ అక్కర్లేని కొయ్యని తీసేస్తుంది. తర్వాత గుండ్రటి మొన ఉన్న సన్న బిట్ పొలం దున్నినట్టు సాలు పక్కన సాలు వేసుకుంటూ పోతుంది. సాళ్ళు ఎంత దగ్గరగా ఉంటే పని అంత నునుపు. టైమూ అంత ఎక్కువ పడుతుంది, కనుక డబ్బూ ఎక్కువే. తొందరగా లాగించేసిన పలక మీద వేలితో రాస్తే ఆ గీతలు తగులుతాయి.

ఇలా అంకెలతో నడిచే మరని 1952లో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు చూపించారు, లోహాలు కోయడానికి. అది ఇప్పుడు మన టింబర్ డిపో పక్క షెడ్డు దాకా వచ్చింది. రావడం తప్పని నేను అనను. ఉలితో రోజుల తరబడి చేసే పనికి కూలి ఇచ్చుకోలేని మధ్యతరగతి ఇల్లాలికి కూడా ఇంత అందం దొరికిందంటే సంతోషమే. ఎటొచ్చీ మనం డబ్బిచ్చేది దేనికో మనకి తెలియాలి కదా!

మొదటి పేచీ చెక్క దగ్గర వస్తుంది. టేకుకి నార ఉంటుంది, ముడులు ఉంటాయి. బిట్ అడ్డంగా వెళ్తే అంచులు చిట్లుతాయి. ఎం.డి.ఎఫ్. పలకకి ఆ బెడద లేదు. కొయ్యని నారగా చేసి, జిగురు కలిపి, వేడిమీద నొక్కి చేస్తారు దాన్ని. వెన్నలా తెగుతుంది. పైన టేకు రంగు కొడితే చూపుకి తేడా తెలియదు. కానీ మనిళ్ళలో పండగ వస్తే గడప కడగకుండా, పసుపు రాయకుండా ఉంటామా? మామూలు ఎం.డి.ఎఫ్. అంచుకి నీళ్ళు తగిలాయంటే ఉబ్బిపోతుంది, మళ్ళీ మామూలు కాదు. ఆ జిగురులో సాధారణంగా ఉండే ఫార్మాల్డిహైడ్ కొంతకాలం గదిలోకి వస్తూనే ఉంటుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అలాగని బెంబేలు పడక్కర్లేదు. ఇ1 రకం పలకల్లో అది తక్కువ, అదే అడగండి. కొత్త పలకలు పెట్టిన గదిని కొన్నాళ్ళు కిటికీలు తీసి ఉంచండి.

కొయ్య పొడి సంగతి ఇంకోటి. దాన్ని కూడా అదే సంస్థ 1995లోనే ఆ జాబితాలో చేర్చింది. నేను వెళ్ళిన షెడ్డులో మర దగ్గర నిలబడ్డ కుర్రాడి కనురెప్పల మీద కూడా పొడే. మూతికి గుడ్డ లేదు.

ఆ కుర్రాడి తండ్రి వడ్రంగి మేస్త్రి. "తలుపు నేనే బిగిస్తానమ్మా, బొమ్మ మాత్రం నాది కాదు" అన్నాడాయన. బొమ్మ కంప్యూటర్ ఫైలుగా కొనుక్కొస్తారు. ఒకే ఫైలు ఎన్ని షెడ్లలోనైనా తిరగొచ్చు. రెండిళ్ళలో ఒకే నెమలి వాలింది అందుకే! చూస్తే, చేతిలోని బొమ్మ గీసే విద్యే ఆయనకి ఎక్కువ కూలి తెచ్చేది. అది పోయి బిగింపు కూలి మిగిలింది.

2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. పనిముట్లకి 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకి 500, ముందు లక్ష, ఆపైన రెండు లక్షల అప్పు 5 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. మంచిదే. అయితే 15,000తో మంచి చేతి పనిముట్లు వస్తాయి గానీ తలుపంత పలకని చెక్కే యంత్రం లక్షల మాట. పైగా కుటుంబానికి ఒక్కరికే. మేస్త్రి ఇంట్లో తలుపులకి గరుకు కాగితం పట్టేదీ, పాలిష్ కొట్టేదీ ఆయన భార్యే. ఆవిడ ఏ లెక్కలోకి వస్తుంది?

నిజానికి ఈ మరకి భుజబలం అక్కర్లేదు, గీసే చెయ్యి కావాలి. చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తప్పకుండా కలిపే ఆడపిల్లలు మనకి తక్కువా? ఆ శిక్షణ ఇచ్చేటప్పుడు కంప్యూటర్ మీద బొమ్మ గీయడం కూడా నేర్పి, మేస్త్రి కూతుర్ని కూడా కూర్చోబెడితే, ఫైలు కొనుక్కోవాల్సిన ఇల్లే ఫైలు అమ్ముతుంది.

మొన్న సంక్రాంతికి మా వీధావిడే ఫోన్ చేసింది. తలుపు కింద అంచు ఉబ్బి రెక్క పట్టేస్తోందట. వెళ్ళి చూశాను. రంగు లేచిన చోట నార లేదు, ముడి లేదు, అట్టలాంటి గోధుమరంగు పొడి. బిల్లు తీయమన్నాను. 'డోర్ డిజైన్ వర్క్' అని ఒక్క ముక్క రాసి కింద మొత్తం వేశారు. ఏం చెక్కో లేదు, చెక్కింది మరో మనిషో లేదు. వాళ్ళని అడిగితే, "టేకు అని మేమెక్కడ రాశామండీ?" అన్నారట.

ఆవిడ ఇప్పుడు మేడమీద గదికి తలుపు చేయిస్తోంది. ఈసారి చెక్క పేరు, పలక మందం, మర పని ఎంత, చేతిపని ఎంత అన్నీ విడివిడిగా రాయించుకుంది. రంగు వేయకముందే చూస్తానని కూడా చెప్పింది. బొమ్మ మాత్రం వాళ్ళ అత్తగారు గీసిచ్చిన ముగ్గు.