కమాను కట్టలో మరో పట్టీ

పిల్లలూ! గోదావరిఖని మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే పికప్ బండి ఆగి ఉన్నప్పుడు, డ్రైవరును అడిగి, వెనక చక్రం దగ్గర వంగి చూడండి. ఇరుసు దగ్గర ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. దీన్ని మన మెకానిక్కులు కమాను కట్ట అంటారు. ఫారసీలో కమాన్ అంటే విల్లు. పేరు ఎవరు పెట్టారోగాని చక్కగా అతికింది.

అన్ని పట్టీలెందుకు, ఒకే దళసరి కమ్మీ పెడితే పోదా? పరీక్ష చేసి చూడండి. ఒక చెక్క స్కేలును సగం బల్ల మీద అదిమిపట్టి, బయటి కొసకు గులకరాళ్ళ సంచి తగిలించండి. అది నాలుగు సెంటీమీటర్లు కుంగిందనుకోండి. అలాంటివే రెండు స్కేళ్ళు ఒకదాని మీద ఒకటి పెడితే కుంగేది సుమారు రెండే. ఆ రెంటినీ జిగురుతో గట్టిగా అతికిస్తే అర సెంటీమీటరే! దళసరి రెట్టింపైతే బిరుసుతనం ఎనిమిది రెట్లవుతుంది మరి. "అయితే అతికించినదే మంచిది గదా!" అంటారు మీలో గడుసువాళ్ళు. కాదు. దళసరి కమ్మీ అంత ఒంపు తిరిగితే దాని అంచుపొర బాగా సాగి పగులుతుంది. విడి పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతూ హాయిగా వంగుతాయి. ఆ రాపిడిలోనే కుదుపు కూడా కొంత అణగిపోతుంది.

ఇక అసలు సంగతి. కొందరు యజమానులు బండిని షెడ్డుకు తీసుకెళ్ళి, కట్టలో ఒకటి రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తారు. బండి కుంగదు గనక ఇంకో పది బస్తాలు ఎక్కించవచ్చునని వాళ్ళ లెక్క. కుంగడం మానిందే కాని బరువు ఎక్కడికి పోయింది? ఇరుసు పాతదే, టైర్లు పాతవే, బ్రేకులు పాతవే. బ్రేకు బలం అంతే ఉండి మొత్తం బరువు ఒకటిన్నర రెట్లయితే, 20 మీటర్లలో ఆగవలసిన బండి 30 మీటర్లకు గాని ఆగదు. ఆ చివరి పది మీటర్లలో, బడి వదిలాక రోడ్డు దాటే మీ చెల్లెలు ఉండవచ్చు. కుంగిన కమాను "ఇక చాలు" అని డ్రైవరుకు చెబుతుంది. అదనపు పట్టీ వేస్తే దాని నోరు మూసినట్టే. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు మరో చిక్కు. బిరుసు కమాను వంగదు గనక చక్రం గుంటల్లో ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం?

బండి ఎంత బరువు మోయవచ్చునో రిజిస్ట్రేషను కాగితంలో రాసే ఉంటుంది. తయారు చేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేట్టు బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను చెబుతున్నది. విరిగిన పట్టీ తీసి అదే కొలతది వేయించడం వేరు సుమా, అది తప్పక చేయించాలి.

బలం పెరగాలని ఇంజనుకు డీజిలు ఎక్కువ అందేట్టు తిప్పించేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు గొట్టం వెంట వచ్చే నల్లపొగ సరిగా కాలని డీజిలు మసే. బొగ్గుగనుల ఊళ్ళో మసికి కరువా! డీజిలు ఆదా కావాలంటే టైర్లలో సరిపడ గాలి ఉంచి, వేగం తగ్గిస్తే చాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగం 80 అయితే, గాలి అడ్డుకునే బలం నాలుగు రెట్లవుతుంది.

అన్నట్టు, ఓపెన్‌కాస్టు గనుల్లో నూరు టన్నులు మోసే డంపర్లకు ఈ పట్టీలు ఉండవు. ఉక్కు గొట్టాల్లో నూనె, నైట్రోజన్ వాయువు నింపి ఉంటాయి. వాయువు కమానులా ఎలా పనిచేస్తుందంటారా? సైకిలు పంపు కొసను వేలితో గట్టిగా మూసి, పిడిని నొక్కి వదలండి.